లారీల ఊళ్లో లేని రేస్

దేశానికి ట్రక్కులు చేసిపెట్టే జంషెడ్‌పూర్‌లో రేసింగ్ సర్క్యూట్ లేదు. ఇక్కడ పుట్టిన ట్రక్కులు పందెంలోకి దిగాలంటే ఢిల్లీ పక్కకు వెళ్లాల్సి వచ్చింది. అయినా ఈ ఊరి ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ ఏదో ఒక పరుగు మొదలవుతూనే ఉంటుంది. దానికి టికెట్లూ లేవు, చప్పట్లూ లేవు.

జంషెడ్‌పూర్ రోడ్ల పేర్లు వరసగా చదివితే ఇదేదో కార్ల పందేల కోసమే కట్టిన ఊరేమో అనిపిస్తుంది. స్ట్రెయిట్ మైల్ రోడ్, డయాగనల్ రోడ్, ఇన్నర్ సర్కిల్ రోడ్, ఔటర్ సర్కిల్ రోడ్. ఇవి చాలవన్నట్టు సర్క్యూట్ హౌస్ ఏరియా. రేస్ ట్రాక్‌కు కావలసిన తిన్నని దారి, అడ్డదారి, మలుపులు అన్నీ పేర్లలోనే సిద్ధంగా ఉన్నాయి. కానీ సర్క్యూట్ హౌస్ అంటే పర్యటనకు వచ్చే అధికారుల విడిది మాత్రమే. మిగతా రోడ్ల మీద కనిపించేది బడి పిల్లల ఆటోలు, షిఫ్టుకు పోయే మోటార్ సైకిళ్లు, చెట్ల నీడన నిలబడ్డ లిట్టీ బండ్లు. నాలుగు రోడ్లు కలిసే చోట సిగ్నల్ కంటే ముందు గోల్ చక్కర్ ఎదురవుతుంది. ఎంత తొందరలో ఉన్నవాడైనా అక్కడ బ్రేక్ తొక్కాల్సిందే.

నూరేళ్ల కిందట ఈ ఊరిని గీసినవాళ్ల మనసులో వేగం లేదు, ఉక్కు ఉంది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట, సాక్చీ అనే పల్లె దగ్గర టాటాల ఫ్యాక్టరీ లేచింది. 1912 ఫిబ్రవరిలో అక్కడ తొలి ఉక్కు పోశారు. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన జూలియన్ కెన్నడీ సంస్థ తొలి నమూనా వేస్తే, 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్ నేల వాలును, వాగుల దారిని చూసి రోడ్లను మలిచాడు. 1940లలో జర్మనీ నుంచి వచ్చిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ ఇళ్లూ బడులూ దుకాణాలూ కలిసిన పేటలుగా ఊరిని పంచి మరో ప్రణాళిక రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టాటాల పట్టాలు ఆదుకున్నందుకు కృతజ్ఞతగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌జీ పేరు పెట్టి వెళ్లాడు. కాలీమాటీ అనే రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది.

తెలుగు చెవికి ఆ స్టేషన్ పేరు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల్లో "టాటా వెళ్లాడు" అంటే వీడ్కోలు చెప్పాడని కాదు, ఉక్కు పనికి పోయాడని అర్థం. అలా వెళ్లినవాళ్లు బిష్టుపూర్‌లో రామాలయం కట్టుకున్నారు, కద్మాలో సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మనవలు ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరిగారు. ఉక్కు ఫ్యాక్టరీలో చోటు దొరకని కుటుంబాలకు తర్వాతి ఆశ టెల్కో.

టెల్కో కథ రైలుతో మొదలై రోడ్డెక్కింది. 1945లో టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీగా పుట్టిన సంస్థ మొదట చేసింది ఆవిరి ఇంజన్లు. 1954లో జర్మనీ దైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి ట్రక్కుల తయారీ మొదలుపెట్టింది. పదిహేనేళ్ల పాటు ముందు జాలీ మీద బెంజ్ నక్షత్రం మెరిసింది. 1969లో ఒప్పందం ముగిశాక ఆ చోట టాటాల 'టి' అక్షరం వచ్చి కూర్చుంది. 2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్ అయినా ఊళ్లో పేట పేరు ఇప్పటికీ టెల్కోనే. 2013 నాటికి ఈ ఒక్క ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ట్రక్కులు 20 లక్షలు. వరంగల్ మిర్చి యార్డు ముందు బారులు తీరిన లారీల్లో, గుంటూరు పత్తి బేళ్లు మోసిన వాటిలో, ఉల్లిపాయల బస్తాలతో కర్నూలు దాటిన వాటిలో ఎన్నింటికి ఈ ఊరు పుట్టిల్లో లెక్కతీయడం కష్టం.

నిజానికి బండి మీద ఈ ఊరి పేరు టెల్కో కంటే ముందే పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా నుంచి ఫోర్డ్ చాసిస్‌లు తెప్పించి, వాటికి టాటాల కవచపు ఉక్కు తొడిగి భారత సైన్యానికి సాయుధ వాహనాలు తయారు చేశారు. సైనికులు వాటిని పిలిచిన ముద్దు పేరు 'టాటానగర్'. ఎక్కడో తయారైన మామూలు చాసిస్‌కు మన ఉక్కు తగిలించి మరో పనికి వాడుకోవడం ఈ ఊరికి అప్పుడే అలవాటైంది.

దుకాణంలో కొన్న బండి

స్టాక్ కార్ రేసింగ్ అనే మాటకు మూలం కూడా దాదాపు అదే. షోరూం సరుకులోంచి, అంటే స్టాక్‌లోంచి, తీసిన బండిని ఉన్నది ఉన్నట్టు పందేనికి దింపడం. అమెరికాలో మద్య నిషేధం రోజుల్లోనూ, ఆ తర్వాతా దొంగసారా మోసిన కుర్రాళ్లు పోలీసులకు చిక్కకుండా మామూలు కార్ల ఇంజన్లకు పదును పెట్టారు. ఆ చేతివాటమే తర్వాత మైదానాలకెక్కింది. 1948లో బిల్ ఫ్రాన్స్ ఈ వ్యవహారానికి నాస్కార్ అనే సంస్థతో ఒక పద్ధతి తెచ్చాడు. మరుసటి ఏడు జూన్‌లో షార్లెట్‌లో జరిగిన మొదటి 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' పందెంలో ముందు గీత దాటిన గ్లెన్ డనవే కారును తనిఖీ చేస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. సారా బరువు మోయడానికి చేసిన మార్పు అది. గెలుపు రద్దు చేసి జిమ్ రోపర్‌కు ఇచ్చారు. షోరూం కారు మాత్రమే అన్న నియమం తొలి రోజే పరీక్షకు నిలిచింది.

ఆ నియమం ఇప్పుడు పేరులోనే మిగిలింది. నాస్కార్ కార్లు పైకి ఫోర్డ్‌లా, టయోటాలా కనిపిస్తాయి. లోపలంతా పందెం కోసమే ప్రత్యేకంగా కట్టిన గొట్టాల చట్రం. ఏ షోరూంలోనూ దొరకదు.

ఆ రకంగా చూస్తే 2014 మార్చి 23న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో వరసగా నిలబడ్డ 12 ట్రక్కులు స్టాక్ అనే మాటకు ఎక్కువ న్యాయం చేశాయి. అవి టాటా ప్రైమా 4038.ఎస్ రకం. కంటెయినర్‌నో, సిమెంట్ ట్యాంకర్‌నో లాగే ట్రాక్టర్ బండ్లు. దక్షిణ కొరియాలో దేవూ ట్రక్కుల కంపెనీని 2004లో టాటాలు కొన్న తర్వాత, ఇటలీ వాళ్లు గీసిన క్యాబిన్‌తో 2009లో విడుదలైన ప్రైమా జంషెడ్‌పూర్ బిడ్డ. పందెం కోసం సీటు, బెల్టులు మార్చారు. చక్రాల పక్కన, వెనక రక్షణ కడ్డీలు బిగించారు. బ్రేకులు, ఇంధన ట్యాంకు దగ్గర జాగ్రత్తలు తీసుకున్నారు. ఇంజన్ మాత్రం సుమారు 370 హార్స్‌పవర్ ఇచ్చే కమిన్స్ డీజిల్. అది హైవే మీద సరుకు లాగే తరహా ఇంజనే.

ఫార్ములా వన్ కోసం కట్టిన ట్రాక్ అది. 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు అక్కడ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. 2014లో ఫార్ములా వన్ రాలేదు, లారీలు వచ్చాయి. వేగం గంటకు 110 కిలోమీటర్ల దరిదాపుల్లోనే. కారు పందెం చూసిన కళ్లకు అది నత్తనడకే. అయితే టన్నుల కొద్దీ బరువున్న ఇనుము మలుపులో ఒక పక్కకు ఒరిగి, ముందు బండిని ఒరుసుకుంటూ పోతుంటే గుండె జారే మాట నిజం. ఆ రోజు కాస్ట్రాల్ వెక్టాన్ జట్టు తరఫున గెలిచింది బ్రిటన్‌కు చెందిన స్టువర్ట్ ఆలివర్. ఆరు జట్లు, పన్నెండు బండ్లు. స్టీరింగ్ పట్టినవాళ్లంతా యూరప్‌లో ట్రక్కుల పందేలు ఆడి వచ్చినవాళ్లే.

ట్రక్కు మనది, ట్రాక్ మనది, డ్రైవర్ మాత్రం మనవాడు కాడు. లక్షల మంది లారీ డ్రైవర్లున్న దేశంలో ఈ లోటు కంపెనీకీ కనిపించింది. రవాణా సంస్థల్లో పనిచేసే మామూలు డ్రైవర్లలోంచి కొందరిని ఏరి, శిక్షణ ఇచ్చి, 2016 మార్చిలో మూడో సీజన్‌లో తొలిసారి వాళ్లకంటూ పందెం పెట్టారు. మరుసటి ఏడాది విదేశీ డ్రైవర్ల కోసం 1000 హార్స్‌పవర్ దాటిన ప్రైమాను తెచ్చారు. అది గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది. సాధారణ బండి అన్న మాటకు అక్కడితో నీళ్లు వదిలినట్టే, నాస్కార్ నడిచిన దారే. అయితే ఆ సీజన్‌లోనూ మన డ్రైవర్లు పోటీ పడ్డారు. ఆ తర్వాత పందెం ఆగిపోయింది. మొత్తం నాలుగు సీజన్లు.

కంపెనీ ఎందుకు మొదలుపెట్టిందన్నది దాచిన విషయం కాదు. ట్రక్కు పేరు నలుగురి నోటా నానాలి. దాంతోపాటు డ్రైవర్ కొరత. లారీ డ్రైవర్ కొడుకు లారీ డ్రైవర్ కానంటున్నాడు. ఇంటికి దూరం, దారిపొడవునా మామూళ్లు, చెక్‌పోస్టులో ఏకవచనం, పెళ్లి సంబంధాల్లో చిన్నచూపు. ఇవన్నీ ఉన్న పనికి కొత్తవాళ్లు రావాలంటే స్టీరింగ్ పట్టినవాడికి ఎక్కడో ఒకచోట చప్పట్లు పడాలన్నది ఆలోచన. హెల్మెట్, నిప్పంటుకోని దుస్తులు వేసుకుని ట్రక్కు దిగుతున్న డ్రైవర్ ఫొటో వాళ్ల ఊళ్లో ఎంత పని చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. కాకపోతే ఏడాదికి ఒక ఆదివారం పడే చప్పట్లు మిగతా 364 రోజుల ఏకవచనాన్ని మార్చలేవు. ఆ ఆదివారం కూడా నాలుగేళ్లే నిలిచింది.

మన దేశం నుంచి అసలు నాస్కార్‌కు వెళ్లినవాడు లేకపోలేదు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ 2010లో అమెరికా వెళ్లి నాస్కార్ ట్రక్ సిరీస్‌లో దిగాడు. అక్కడ ట్రక్ అంటే పికప్ బండి, మన లారీ కాదు. మార్టిన్స్‌విల్‌లో తొలి పందెంలో 13వ స్థానంలో వచ్చాడు. కొన్ని పందేలే ఆడినా ఆ ఏడాది ఆ సిరీస్‌లో 'అత్యంత జనాదరణ గల డ్రైవర్' అవార్డు అతనికే దక్కింది. ఓట్లు ఇంటర్నెట్‌లో వేయించారు మరి. జనాభా ఎక్కడ ఎక్కువో అమెరికా వాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది. ఫార్ములా వన్‌లో అతనికి వెన్నుదన్నుగా నిలిచింది టాటాలే.

వీధినే ట్రాక్ చేస్తే

స్టేడియంలోనో ఊరవతలి ట్రాక్ మీదో కాకుండా నడివీధిలో పందెం పెట్టడం మరో ముచ్చట. నాస్కార్ 75 ఏళ్ల చరిత్రలో ప్రధాన సిరీస్‌కు తొలి నగర వీధి పందెం 2023 జులై 2న చికాగోలో జరిగింది. గ్రాంట్ పార్క్ చుట్టూ 3.5 కిలోమీటర్లు, 12 మలుపులు. వాన దంచి కొట్టింది, పందెం కుదించారు. న్యూజీలాండ్ నుంచి వచ్చిన షేన్ వాన్ గిస్బర్గెన్ నాస్కార్‌లో ఆడిన మొదటి రోజే గెలిచి అందర్నీ నోరు తెరిపించాడు. చికాగో జనం మాత్రం మూసేసిన రోడ్లను, ఇంజన్ల మోతను తిట్టుకున్నారు.

ఆ తిట్లు హైదరాబాద్‌కు అప్పటికే పరిచయం. 2022 నవంబర్‌లో ఇండియన్ రేసింగ్ లీగ్ కోసం, 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ విద్యుత్ కార్ల కోసం హుస్సేన్‌సాగర్ ఒడ్డును ట్రాక్‌గా మార్చారు. సెక్రటేరియట్, లుంబినీ పార్క్, ఎన్టీఆర్ గార్డెన్ పక్క నుంచి 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. నెక్లెస్ రోడ్ దారిలో ఆఫీసులకు పోయేవాళ్లు రోజుల తరబడి ఖైరతాబాద్ చుట్టూ తిరిగారు. జ్యాన్-ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ పందెంలో తెలుగువాళ్ల కంటే జంషెడ్‌పూర్‌కే ఎక్కువ గుచ్చుకోవాల్సిన ఘట్టం ఒకటుంది. అప్పట్లో టాటా మోటార్స్ చేతిలోని జాగ్వార్ జట్టు కార్లు రెండూ బాగానే పరిగెడుతున్నాయి. వాటిలో ముందు వరసలో మొదటి చోటు నుంచి బయల్దేరినది మిచ్ ఎవాన్స్‌ది. మలుపులో సొంత జట్టు సభ్యుడు శామ్ బర్డ్ వెళ్లి అతన్నే గుద్దాడు. టాటాల సొమ్ము టాటాల సొమ్మును ఢీకొంది. మరుసటి ఏడాది పందెం ఉండాల్సింది కానీ ప్రభుత్వం మారాక 2024 జనవరిలో రద్దయింది. ట్రాక్‌కైన ఖర్చు రాజకీయమై కేసుల దాకా వెళ్లింది.

జంషెడ్‌పూర్ వీధులకు ఈ బాధ రాలేదు. నిజానికి ఆటలంటే ఈ ఊరికి కొదవ లేదు. కీనన్ స్టేడియం, జేఆర్డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్, ఫుట్‌బాల్ అకాడమీ, విలువిద్య అకాడమీ ఉన్నాయి. ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీపాల్ ఏళ్ల తరబడి సాహస క్రీడలు నేర్పిందీ ఇక్కడే. 2017 నుంచి సొంత ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఉంది. ఇంజన్లు చేసే ఊళ్లో ఆటలన్నీ కాళ్లతో చేతులతో ఆడేవే.

ఇక్కడా రోడ్డు మూసిన రోజులున్నాయి. ఊరికి గుండెకాయ లాంటి బిష్టుపూర్ మెయిన్ రోడ్డును ఆదివారం పొద్దున్నే వాహనాలకు బంద్ చేసి 'జామ్ ఎట్ స్ట్రీట్' అనే వేడుక నడిపారు. స్కేటింగ్ చేసే పిల్లలు, జుంబా ఆడే అమ్మలు, చదరంగం బల్లలు, గిటార్లు. నగరాలు వేగం కోసం వీధి మూస్తుంటే ఈ ఊరు వేగాన్నే బయట నిలబెట్టింది. భారీ వాహనాలకు పగటిపూట 'నో ఎంట్రీ' వేళలు ఎలాగూ ఉన్నాయి. బర్మామైన్స్ వైపు, మాన్‌గో వంతెన అవతల హైవే పక్కన లారీలు రాత్రి కోసం పడిగాపులు పడుతుంటాయి. ట్రక్కుల ఊళ్లోనే ట్రక్కు బయటి మనిషి.

రేసింగ్ ట్రాక్ లేదన్నామే కానీ ఫ్యాక్టరీ ప్రహరీ లోపల టెస్ట్ ట్రాక్ ఉంది. కొత్త బండిని గుంతల మీద, ఎగుడుదిగుళ్ల మీద తిప్పి చూస్తారు. అయితే అది ఊరి కంటికి కనపడదు. కనపడే పరుగు గేటు బయట మొదలవుతుంది.

చాసిస్ మీద సవారీ

టెల్కో గేటు దగ్గర కాన్వాయ్ డ్రైవర్లు అనే జాతి ఒకటుంది. ఫ్యాక్టరీలో ఉద్యోగులు కారు. డీలర్‌కు చేరాల్సిన కొత్త బండిని దేశంలో ఏ మూలకైనా తోలుకెళ్లి అప్పగించి రావడం వీళ్ల పని. ట్రక్కుకు క్యాబిన్ ఫ్యాక్టరీలోనే కట్టే రోజులు వచ్చేదాకా వీళ్లకు దక్కింది ఒట్టి చాసిస్. చట్రం, ఇంజన్, చక్రాలు, స్టీరింగ్, ముందు రేకు. తలుపు లేదు, కప్పు లేదు, అద్దం ఉండొచ్చు, లేకపోవచ్చు. కూర్చోవడానికి తాత్కాలికంగా బిగించిన సీటు, కొన్నిసార్లు చెక్క. తలకు తువ్వాలు చుట్టి, కళ్లకు జోడు పెట్టి, చలికాలంలో ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని నాలుగైదు బండ్లు వరసగా పోతుంటే జాతీయ రహదారి పక్క పల్లెల్లో పిల్లలు చేతులూపేవాళ్లు. అస్థిపంజరాలు పరిగెత్తినట్టుండే ఆ వరస నలభై దాటిన ప్రతి తెలుగువాడికీ గుర్తుంటుంది.

రేసులో డ్రైవర్ వెనక మెకానిక్కులుంటారు, ముందు అంబులెన్స్ ఉంటుంది, చుట్టూ ఉక్కు పంజరం ఉంటుంది. చాసిస్ డ్రైవర్‌కు ఉన్న పంజరం ఆకాశమే. పైగా పందేనికి తిరగబడ్డ నియమం ఒకటి. కొత్త ఇంజన్‌ను గట్టిగా తొక్కకూడదు. చేతిలో వందల హార్స్‌పవర్ ఉన్నా ఎద్దుబండికి అన్నలా పోవాలి. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటాడు, ముందు కారువాడు కట్ చేస్తుంటాడు, ఇతను మాత్రం గీత తప్పకూడదు. గీత పడిన బండిని డీలర్ తీసుకోడు.

వీళ్ల సర్క్యూట్‌లో ఒకటి మన దగ్గరే ముగుస్తుంది. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ దాటి ఘాట్‌శిలా, బహరాగోడా మీదుగా ఒడిశాలో దిగి, బాలాసోర్ దగ్గర తూర్పు తీరపు హైవే అందుకోవాలి. కటక్ దగ్గర మహానది. బరంపురం దాటాక ఇచ్ఛాపురంలో బోర్డులు తెలుగులోకి మారతాయి. శ్రీకాకుళం, విశాఖ, తుని, గోదావరి పాయలు, ఏలూరు. వెయ్యి కిలోమీటర్లు దాటిన ఆ దారి చివర విజయవాడ ఆటోనగర్. చాసిస్‌గా వచ్చిన బండి అక్కడ లారీ అవుతుంది. వడ్రంగి చెక్క బిగిస్తాడు, వెల్డర్ కడ్డీలు అతుకుతాడు, పెయింటర్ తలుపు మీద తామరపువ్వు, వెనక "సౌండ్ హారన్" రాస్తాడు, యజమాని నిమ్మకాయ కడతాడు. జంషెడ్‌పూర్ ఎముకలిస్తే బెజవాడ ఒళ్లిచ్చింది. తెలుగునాట లారీ పరిశ్రమ ఇంతింతై ఎదగడంలో ఈ బంధానికి పెద్ద పాత్రే ఉంది. రవాణా చరిత్ర రాసేవాళ్లు ఓనర్ల గురించి రాస్తారు, చాసిస్ తోలుకొచ్చిన మనిషి గురించి రాయరు.

ఆ దారిలోని ప్రమాదాలను విడిగా లెక్కగట్టే పద్ధతి లేదు. దేశం మొత్తం లెక్క మాత్రం ఉంది. కేంద్ర రవాణా శాఖ ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. జంషెడ్‌పూర్ నుంచి రాంచీ వైపు పోయే పాత 33వ నంబరు జాతీయ రహదారి సంగతే చూస్తే, విస్తరణ పేరుతో ఏళ్ల పాటు గుంతలమయమై, హైకోర్టు మందలిస్తే తప్ప పని కదలలేదు. ట్రక్కుల రాజధాని వాకిట్లో దారి అలా ఉండేది. టెస్ట్ ట్రాక్ అవసరమేముందని ఊళ్లో జోకు పుట్టినా తప్పులేదు.

ఈ మధ్య కాలంలో కొంత మారింది. ట్రక్కు క్యాబిన్‌కు నిబంధనలు వచ్చాక చాలా బండ్లు తలుపులు, అద్దాలు, పడక సీటుతోనే గేటు దాటుతున్నాయి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ ట్రక్కుల క్యాబిన్లకు ఏసీ ఉండాలని 2023 డిసెంబర్‌లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మే నెలలో నిడదవోలు దాటుతున్న డ్రైవర్‌కు దాని విలువ ఏ ట్రోఫీకి తీసిపోదు. బుద్ధ్ సర్క్యూట్‌లో నాలుగేళ్ల చప్పట్లు చేయలేని పనిని ఒక గెజెట్ కాగితం కొంతైనా చేసిందనుకోవచ్చు. ఎండలో కూర్చునేవాడు కూడా మనిషేనని అది ఒప్పుకుంది. బస్సు చాసిస్‌లకు మాత్రం ఆ వైభోగం లేదు. బాడీ కట్టే షెడ్డు వచ్చేదాకా అవి ఇంకా ఆరుబయటే ప్రయాణిస్తాయి, మీద ఒక మనిషితో.

కూలి రేట్ల గురించి, పని గ్యారంటీ గురించి కాన్వాయ్ డ్రైవర్ల ధర్నాలు జంషెడ్‌పూర్‌కు కొత్త కావు. ఏ ట్రిప్పుకు ఎంత అన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. దారిఖర్చులు పోగా మిగిలిందే సంపాదన. బండి కాగితాలు, ట్రేడ్ నంబరు పలక అందుకుని బయల్దేరడం ఒక పరుగైతే, తిరిగి రావడం మరో పరుగు. ఎంత తొందరగా వెనక్కి చేరితే అంత తొందరగా వరసలో నంబరు పడుతుంది, మరో బండి దొరుకుతుంది. తోలేటప్పుడు లేని తొందరంతా తిరుగు ప్రయాణంలోనే. అందుకే బండి అప్పగించిన డ్రైవర్ ఊరు చూడడానికి ఆగడు. విజయవాడలో దించిన మనిషి దుర్గమ్మ కొండకు కిందినుంచే దణ్ణం పెట్టి స్టేషన్‌కు పోతాడు. రిజర్వేషన్ లేని పెట్టెలో, తలుపు పక్కన, విప్పిన నంబరు పలకను సంచిలో పెట్టుకుని కూర్చుంటాడు.

టాటానగర్‌లో దిగేసరికి చాలాసార్లు తెల్లవారుతూ ఉంటుంది. స్టేషన్ ముందు షేర్ ఆటోలు టెల్కో, సాక్చీ, బిష్టుపూర్ అని అరుస్తుంటాయి. నో ఎంట్రీ వేళ మొదలవడానికి ముందే ఊరు దాటాలని లారీలు మాన్‌గో వంతెన మీద ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. టెల్కో ఆటో ముందు నిండుతుంది.